కాలేజీకీ షెడ్డుకీ మధ్య దారి

ఈ వేసవి మొదట్లో ఓ ఆదివారం మా అక్క కూతురు ఫోన్ చేసింది. హైదరాబాదులో మెకానికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. కుశల ప్రశ్నలయ్యాక అసలు సంగతి బయటపెట్టింది.

"మామయ్యా, సెలవుల్లో నా ముందు రెండు దార్లున్నాయి. ఒకటి ఆన్‌లైన్లో డేటా సైన్స్ కోర్సు. ఆఖర్న సర్టిఫికెట్ ఇస్తారు. రెండోది బాలానగర్లో ఓ టూల్ రూములో రెండు నెలలు పని నేర్చుకోవడం. జీతం లేదు, క్యారేజీ మనమే తెచ్చుకోవాలి. నాన్నేమో మొదటిదే చెయ్యమంటున్నారు. నువ్వేమంటావ్?"

నేనేమంటాను? నేనూ మెకానికల్ వాణ్ణే! ఆ మాట ఎవరికైనా చెప్పి చాలా ఏళ్ళయింది. మా బ్యాచ్‌లో సివిల్, మెకానికల్, కెమికల్ అన్న తేడా లేకుండా అందర్నీ ఒకే సాఫ్ట్‌వేర్ కంపెనీ బస్సెక్కించుకుపోయింది. ఇప్పుడు నా రెజ్యూమెలో మెకానికల్ అన్న మాట కనబడాలంటే ఆఖరి పేజీ ఆఖరి లైను దాకా వెళ్ళాలి. (అక్కడిదాకా చదివిన మేనేజర్ని నేనింతవరకూ చూళ్ళేదు.)

"మీ కాలేజీలో త్రీడీ ప్రింటరుందన్నావుగా, దాని మీద ఏమైనా చేశారా?" అనడిగాను. నవ్వింది. ప్రింటరుందిట. అద్దాల గదిలో ఉందిట. దసరాకి పసుపు, కుంకుమ, బంతిపూల దండ కూడా పడ్డాయిట. తాళంచెవి మాత్రం హెచ్చోడీ గారి దగ్గరుంటుంది. పిల్లలు ముట్టుకుంటే పాడైపోతుంది, పాడైతే బాగుచేసేవాళ్ళు లేరు, అంచేత ముట్టుకోకూడదు. లాజిక్కుకేం లోటు లేదు కదా!

రెండ్రోజులు టైమివ్వమని ఫోన్ పెట్టేశాను. ఆ రెండ్రోజులూ నా బుర్రలో తిరిగింది ఆ తాళం వేసిన మిషన్ల కుటుంబానికే చెందిన ఒక పాత కథ. సాధారణంగా ఈ కథని ఒక కుర్రాడు, ఒక ఐడియా, ఒక పేటెంటు అన్నట్టు చెబుతారు. నాకు మాత్రం ఆ కుర్రాడి వెనకున్న మేష్టారి ఉద్యోగ జీవితమే అందులో అసలు విషయమనిపిస్తుంది.

1981 వేసవి. కార్ల్ డెకార్డ్ అనే కుర్రాడు ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీలో ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం పూర్తిచేసి, సెలవుల్లో హ్యూస్టన్‌లో టి.ఆర్.డబ్ల్యు. మిషన్ అనే సంస్థ మెషిన్ షాపులో పనికి చేరాడు. అప్పటికే త్రీడీ క్యాడ్ వాడుతున్న కొద్దిపాటి షాపుల్లో అదొకటి. అంటే చెయ్యాల్సిన భాగం తాలూకు ఆకారమంతా కంప్యూటర్లో ఉంది. కానీ ఆ భాగాన్ని పోత పొయ్యాలంటే ముందు దాని నమూనా, అదే ప్యాటర్ను, కావాలి. ఆ ప్యాటర్న్‌ని పనిమంతులు చేత్తో చెక్కి తయారుచేసేవారు.

కంప్యూటర్లో ఉన్న ఆకారాన్ని కాగితం మీదికి దించి, ఆ కాగితం చూసి మళ్ళీ చేత్తో చెక్కడమన్నమాట. ఒక సిస్టంలో ఉన్న డేటాని ప్రింటు తీసి ఇంకో సిస్టంలో టైపు కొట్టించే ప్రాజెక్టులు మనం చూళ్ళేదూ? అచ్చం అదే. ఆ ఫైలు నేరుగా వస్తువెందుకు కాకూడదన్నదే ఆ కుర్రాడికొచ్చిన ప్రశ్న.

ఈ ప్రశ్న క్లాసు రూములో పుట్టలేదు. క్లాసులో ప్యాటర్న్ మేకింగ్ అంటే రెండు మార్కుల ప్రశ్న, అంతే. చెక్క పొట్టులో నిలబడి, ఒక భాగం కోసం జనం రోజుల తరబడి ఎదురుచూడ్డం చూసినవాడికే అది సమస్యలా కనిపిస్తుంది. డెకార్డ్ ఆ ప్రశ్నని మనసులో పెట్టుకునే డిగ్రీ పూర్తిచేశాడు. ఈ లోపు జవాబు కూడా ఒక రూపానికొచ్చింది. సన్నటి పొడిని పొరలా పరచాలి. ఆకారం ఉన్నంత మేర మాత్రమే లేజర్‌తో వేడిచేసి రేణువుల్ని అతికించాలి. దాని మీద మళ్ళీ పొర, మళ్ళీ లేజర్.

1984లో ఆ ఐడియా పట్టుకుని అదే యూనివర్సిటీలో జో బీమన్ అనే యువ ప్రొఫెసర్ దగ్గరికి వెళ్ళాడు. బీమన్ అక్కడే చదువుకుని, ఎం.ఐ.టి.లో డాక్టరేట్ చేసి, 1979లో మళ్ళీ ఆస్టిన్‌కే పాఠాలు చెప్పడానికి వచ్చినాయన. ఆయన రంగం కంట్రోల్ సిస్టమ్స్. లేజర్లూ కాదు, ప్లాస్టిక్ పొడులూ కాదు. "ఇది నా ఏరియా కాదు బాబూ" అనెయ్యడానికి కావలసినంత వీలుంది. అనలేదు. ఆ కుర్రాణ్ణి మాస్టర్స్‌లో చేర్చుకున్నారు.

తర్వాత కొన్నేళ్ళు జరిగింది వింటే మన గ్యారేజీ మెకానిక్కులు గుర్తొస్తారు. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నుంచి 30,000 డాలర్ల గ్రాంటు దొరికింది. మిషన్‌ని నడిపిన కంప్యూటరు కమోడోర్ 64, ఆ రోజుల్లో పిల్లలు ఇంట్లో ఆటలాడుకునేది! పొడిని మొదట్లో చేత్తోనే చల్లేవారు. (మన అమ్మమ్మల చేతిలో ముగ్గుపిండిలా పడి ఉండదు లెండి.) తర్వాతే పొడిని సమంగా పరిచే రోలరు వచ్చింది. మిషన్‌కి 'బెట్సీ' అని పేరు పెట్టుకున్నారు. 1986 అక్టోబర్లో పేటెంటుకి దరఖాస్తు చేశారు, 1989 సెప్టెంబర్లో మంజూరైంది. ఆ పద్ధతినే సెలెక్టివ్ లేజర్ సింటరింగ్, క్లుప్తంగా ఎస్.ఎల్.ఎస్. అంటారు.

ఒకటి ఒప్పుకోవాలి. పొర మీద పొర వేసి వస్తువు చెయ్యాలన్న ఆలోచన వీళ్ళకొక్కరికే రాలేదు. జపాన్‌లో హిడియో కొడామా 1981 నాటికే ద్రవాన్ని వెలుతురుతో గట్టిపరిచే పద్ధతి ప్రచురించాడు. కాలిఫోర్నియాలో చక్ హల్ 1983లో తన మొదటి వస్తువు చేసి, 1986లో పేటెంటు సంపాదించి త్రీడీ సిస్టమ్స్ కంపెనీ పెట్టాడు. కాబట్టి 'త్రీడీ ప్రింటింగ్ పితామహుడు ఎవరు' అన్న పోటీలోకి నేను దిగను. నన్ను ఆపేసింది ఆస్టిన్‌లో తర్వాత జరిగిన వ్యవహారం.

మామూలుగా అయితే ఇక్కడితో అయిపోవాలి. కుర్రాడికి డాక్టరేట్ వచ్చింది (1988), మేష్టారికి పేపర్లొచ్చాయి, మిషన్ మీద గుడ్డ కప్పి మూల పెట్టెయ్యడమే తరువాయి. వీళ్ళు కంపెనీ పెట్టారు. మొదట నోవా ఆటోమేషన్ అన్నారు, తర్వాత డి.టి.ఎం., అంటే డెస్క్ టాప్ మాన్యుఫాక్చరింగ్ అని మార్చారు. తన మనుషులు కనిపెట్టినదానికి ఆ మనుషులే పెట్టిన కంపెనీకి లైసెన్సివ్వడం ఆ యూనివర్సిటీకి అప్పటికి కొత్తే. బి.ఎఫ్. గుడ్‌రిచ్ కంపెనీ డబ్బు పెట్టింది. 1992లో సింటర్‌స్టేషన్ 2000 అనే మిషన్ కొనేవాళ్ళ చేతికి వెళ్ళింది.

మరి 1990 నుంచి 1992 దాకా బీమన్ గారెక్కడున్నారో తెలుసా? యూనివర్సిటీకి సెలవు పెట్టి డి.టి.ఎం.లో అడ్వాన్స్‌డ్ డెవలప్‌మెంట్ విభాగం చూసుకుంటున్నారు. కన్సల్టెంటు గారిలా నెలకోసారి వచ్చి కాఫీ తాగి వెళ్ళడం కాదు, పూర్తికాలం ఉద్యోగం. ఆ తర్వాత మళ్ళీ క్లాసుకొచ్చారు.

అది అంత అవసరమా అంటే, ఆ మిషన్ సంగతి కొంచెం చెప్పాలి. నైలాన్ పొడిని కరిగే వేడికి కాస్త తక్కువలో ఉంచి, లేజర్‌తో ఆ చివరి కాస్త వేడీ ఇస్తారు. వేడి ఒక మూల కొంచెం తగ్గినా ఆ పొర అంచు పైకి లేస్తుంది. వచ్చే రోలరు దాన్ని ఈడ్చేస్తుంది, రాత్రంతా చేసిన పని బుట్టదాఖలు. పని పూర్తయ్యాక కూడా ఆత్రం పనికిరాదు. ఆ పొడి గడ్డ నెమ్మదిగా చల్లారాలి, దానికి గంటలు పడుతుంది. ఇడ్లీ ఉడికిందనుకుని ఆవిరి మీదే చేత్తో తీస్తే ముక్కలైనట్టు, ఇక్కడా వేడి మీద తీస్తే భాగం వంకర పోతుంది. అతుక్కోకుండా మిగిలిన పొడిని మళ్ళీ వాడొచ్చు, కానీ వేడికి అది కొంచెం ముసలిదైపోతుంది. అందులో కొత్త పొడి ఎంత కలపాలో తెలియాలి.

వీటిల్లో సగం పేటెంటు కాగితంలో ఉండవు. మిషన్ ముందు నిలబడి నాలుగు బిల్డులు పాడుచేసుకున్నవాడికి తెలుస్తాయి. అతను పక్కవాడికి చెబితే వాడికి తెలుస్తాయి. మన ప్రొడక్షన్ సపోర్టులో ఉన్నవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. డాక్యుమెంటులో ఉన్నది వేరు, రాత్రి రెండింటికి సర్వరు పడిపోయినప్పుడు లేపే మనిషికి తెలిసింది వేరు.

ఆ తెలివిడి మనిషి నుంచి మనిషికి చేరడానికి ఆస్టిన్ వాళ్ళు చేసిన ఇంకో పని, 1990 ఆగస్టులో మొదలుపెట్టిన సాలిడ్ ఫ్రీఫామ్ ఫ్యాబ్రికేషన్ సింపోజియం. (ఆ పేరు 1987లో బీమన్ గారు పెట్టిందే.) బీమన్‌తో పాటు మెటీరియల్స్ మనిషి హ్యారిస్ మార్కస్, కెమికల్ ఇంజినీరింగ్ నుంచి జోయెల్ బార్లో, ఇంకా డేవిడ్ బోరెల్, రిచర్డ్ క్రాఫర్డ్ ఇందులో ముఖ్యులు. ఏటా ఆగస్టులో, టెక్సాస్ ఎండలో, మూడు రకాల జనం ఒకే గదిలో. పొడి ఎలా అతుక్కుంటుందో లెక్క కట్టే విద్యార్థి, మిషన్లు తయారుచేసేవాడు, ఆ మిషన్‌తో భాగాలు చేసి అమ్ముకునేవాడు. 1990లో చిన్నగా మొదలైన ఆ సభకి తర్వాత్తర్వాత వందల మంది వచ్చారు. అందులో చదివిన పేపర్లు ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు.

1997లో ఆ బృందమే ఈ విషయం మీద పుస్తకం రాసింది. రచయితలు ఆరుగురు. అయిదుగురు యూనివర్సిటీ వాళ్ళు, ఆరో ఆయన కెవిన్ మెకాలీ డి.టి.ఎం. మనిషి. పుస్తకం అట్ట మీదే కాలేజీ, షెడ్డు పక్కపక్కన కూర్చున్నాయన్నమాట.

2009లో ఇంకో మెట్టు. ఈ రంగానికి వచ్చే పది పన్నెండేళ్ళలో ఏం కావాలో తేల్చడానికి అమెరికాలో పరిశోధకులూ కంపెనీలవాళ్ళూ కలిసి ఒక రోడ్ మ్యాప్ తయారుచేశారు. దాన్ని నడిపించిన ముగ్గురిలో ఆస్టిన్ బోరెల్ ఒకరు. పదార్థాలు, డిజైను, కంట్రోలు లాంటి ఊహించదగ్గవన్నీ అందులో ఉన్నాయి. వాటి సరసనే చదువు గురించి కూడా రాశారు: యూనివర్సిటీల్లోనే కాదు, టెక్నికల్ కాలేజీ స్థాయిలోనూ పాఠాలుండాలి, ఇప్పటికే పరిశ్రమలో పనిచేస్తున్నవాళ్ళకి శిక్షణ ఉండాలి, దానికి వృత్తి సంఘాలు సర్టిఫికెట్లివ్వాలి అని. ఇరవై అయిదేళ్ళ పరిశోధన తర్వాత పరిశోధకులే కూర్చుని 'మిషన్ నడిపేవాణ్ణి తయారుచెయ్యండి' అని రాసుకున్నారంటే, అడ్డం ఎక్కడ తగులుతోందో వాళ్ళకి తెలిసిందనే కదా అర్థం.

అంతా బంగారమేనా అంటే కాదు. డి.టి.ఎం. మిషన్ల ఖరీదు లక్షల డాలర్లలో ఉండేది, చిన్న షాపువాళ్ళు కన్నెత్తి చూసే ధర కాదు. 2001లో ఆ కంపెనీని త్రీడీ సిస్టమ్స్ సుమారు నాలుగున్నర కోట్ల డాలర్లకి కొనేసుకుంది. ఒకప్పటి పోటీదారే యజమాని అయ్యాడు. ముఖ్యమైన పేటెంట్ల గడువు 2014లో తీరేదాకా ఈ పద్ధతిలో చవక మిషన్లు రావడం కష్టమైంది. ప్రజల సొమ్ముతో మొదలైన పని జనానికి చవకగా అందడానికి దాదాపు ముప్ఫై ఏళ్ళన్నమాట. కాలేజీ, కంపెనీ చేతులు కలిపితే చాలు అంతా మంచే జరుగుతుందనేవాళ్ళు ఈ భాగం కూడా చదవాలి.

డెకార్డ్ కొన్నాళ్ళు క్లెమ్సన్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పాడు. తర్వాత మళ్ళీ ఆస్టిన్ చేరి, 2012లో ఎస్.ఎల్.ఎస్. మిషన్లకి కొత్త రకం పొడులు తయారుచేసే కంపెనీ పెట్టాడు. 2019 మొదట్లో దాన్ని ఎవోనిక్ కొనుక్కుంది. అదే ఏడాది డిసెంబర్లో, 58 ఏళ్ళకే అతను పోయాడు. మొదటి వేసవిలో షాపులో చూసిన సమస్య చుట్టూనే ముప్ఫై ఎనిమిదేళ్ళు తిరిగాడు. బీమన్ గారిని 2013లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ ఇంజినీరింగ్‌కి ఎన్నుకున్నారు.

ఇప్పుడు మన బాలానగర్‌కి వద్దాం.

మా బాబాయికి అక్కడ రెండు లేతు మిషన్ల షెడ్డుండేది. నా బీటెక్ రెండో సంవత్సరం సెలవుల్లో, ఇంట్లో ఖాళీగా ఉన్నానని నాన్న ఓ రోజు అక్కడికి పంపించారు. ఇనుప రజను, ఆయిలు వాసన, రేడియోలో పాత పాటలు. బాబాయి ఓ షాఫ్టు ముక్క, వెర్నియరు నా చేతిలో పెట్టి, "ఇదెంతుందో చెప్పరా ఇంజినీరూ" అన్నాడు. పరీక్షలో వెర్నియరు సూత్రం రాసి పదికి తొమ్మిది తెచ్చుకున్నవాణ్ణి. రెండుసార్లు కొలిచి రెండు అంకెలు చెప్పాను. పక్కనున్న హెల్పర్ కుర్రాడు, వయసు పదహారుంటుందేమో, నా వైపు చూడకుండా నవ్వుకున్నాడు. నేను మర్నాడు వెళ్ళలేదు. ఆ మర్నాడూ వెళ్ళలేదు. ఇప్పటికీ ఆ రెండో రోజు వెళ్ళుంటే ఏమయ్యేదా అనుకుంటూంటాను.

తప్పు నాదొక్కడిదే అనను. మాకు పాఠం చెప్పినవాళ్ళలో ఎవరూ షెడ్డులో పనిచేసి రాలేదు. షెడ్డువాళ్ళెవరూ మా క్లాసుకి రాలేదు. రెంటికీ మధ్య దూరం మా కాలేజీ బస్సులో నలభై నిమిషాలు. చేతికి మసి అంటేవాడు డిప్లొమా, అంటనివాడు డిగ్రీ అని మనమే ఓ గీత గీసుకున్నాం.

ఆ గీత చెరపడానికి ప్రయత్నాలే జరగలేదని కాదు. అదే బాలానగర్లో 1968లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల సాయంతో కేంద్ర ప్రభుత్వం సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ పెట్టింది. పనిచేసే టూల్ రూము, పాఠం చెప్పే గది ఒకే చోట ఉండాలన్నది దాని పద్ధతి. మా బాబాయి షెడ్డులో అక్కడ చదివొచ్చిన ఒకాయన ఏదైనా మాటంటే బాబాయి కూడా ఎదురు చెప్పేవాడు కాదు. ఊళ్ళో వందల కొద్దీ ఇంజినీరింగ్ కాలేజీలు వెలిసినప్పుడు వాటిల్లో ఎన్ని ఈ పద్ధతిని తెచ్చుకున్నాయంటే ఏం చెప్పను?

2022 ఫిబ్రవరిలో కేంద్రం అడిటివ్ మాన్యుఫాక్చరింగ్ మీద జాతీయ వ్యూహం ప్రకటించింది. మూడేళ్ళలో వంద కొత్త స్టార్టప్‌లు, ఐదు వందల కొత్త ఉత్పత్తులు, లక్ష మంది నిపుణులు అని లక్ష్యాలు పెట్టుకుంది. అదే ఏడాది నవంబర్ 18న మన హైదరాబాదు స్కైరూట్ వాళ్ళ విక్రమ్-ఎస్ రాకెట్ శ్రీహరికోట నుంచి ఎగిరినప్పుడు, దాన్ని గుండ్రంగా తిప్పి నిలకడగా ఉంచే చిన్న థ్రస్టర్లు త్రీడీ ప్రింట్ చేసినవే. అంటే ఈ పని ఇక్కడ జరగదని ఎవరూ అనలేరు. కానీ లక్ష మంది నిపుణులు జీవోతో పుట్టరు కదా. బీమన్ లాంటి మేష్టారు రెండేళ్ళు కంపెనీలో కూర్చుని మళ్ళీ క్లాసుకి రావాలి. డెకార్డ్ లాంటి కుర్రాడికి సెలవుల్లో షాపు తలుపు తెరుచుకోవాలి. మిషన్ పాడైనా ఫర్వాలేదనే హెచ్చోడీ ఒకాయన ఉండాలి.

రెండ్రోజులయ్యాక మేనకోడలికి ఫోన్ చేసి షెడ్డుకే వెళ్ళమన్నాను. డేటా సైన్స్ ఎక్కడికీ పోదు, రాత్రిళ్ళు నేనే చెబుతానన్నాను. బావగారికి కోపమొచ్చింది. "నువ్వు మాత్రం ఏసీలో కూర్చుని, నా కూతుర్ని ఇనుప కొట్లోకి పంపుతావా?" అన్నారు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. నిజమే మరి. మూడు రోజులు పట్టింది ఆయన ఒప్పుకోవడానికి.

మూడు వారాల తర్వాత తనే ఫోన్ చేసింది. ఆకురాయి పట్టి పట్టి అరచేతిలో పొక్కులొచ్చాయిట. "వెర్నియరు చూడ్డం వచ్చేసింది మామయ్యా, ఒక్కసారి కొలిస్తే చాలు" అంది. (నా కథ తనకి చెప్పలేదు. చెప్పకపోవడమే మంచిదైంది.) ఇంకో సంగతి కూడా చెప్పింది. ఎక్కడా దొరకని ఓ పాత పంపు భాగానికి ప్యాటర్న్ చేసేవాడు లేక ఆ టూల్ రూము ఓనరు గారు నెలరోజులుగా తిరుగుతున్నాడట. "మీ కాలేజీ ప్రింటర్లో వస్తుందేమో కనుక్కో అమ్మా" అన్నాడట. కొలతలన్నీ తనే తీసి, క్యాడ్‌లో బొమ్మ గీసి, హెచ్చోడీ గారికి ఉత్తరం రాసి ఇచ్చింది.

తాళంచెవి సంగతి వచ్చే సోమవారం చెబుతామన్నారుట. చూద్దాం.